మౌంటు వర్నను గృహవిక్రయము

పిత్రార్జితమైన యింటిని అమ్మినవానిని లోకము మన్నింపదు. అప్పులపాలై యమ్మెనేని అసమర్థుఁడనును. అప్పులు లేకయే యమ్మెనేని అర్థలుబ్ధుఁడనును. ఆ యిల్లు ఒక మహాపురుషుఁడు నివసించినది యైనచో నింద రెట్టింపగును. ఈ నింద యెల్లయెడల న్యాయమగునా యని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. విచారణకై నేను గ్రహించిన యిల్లు మన దేశములోనిది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమాధ్యక్షుఁడగు జార్జి వాషింగ్టను నివసించి మరణించిన మౌంటు వర్నను అను గృహమది. దానిని అతని వంశీయుఁడొకఁడు 1858వ సంవత్సరమున అమ్మెను. ఆ విక్రయమునకు ముందు వెనుకల జరిగిన వృత్తాంతమంతయు లిఖితమై నిలిచియుండుటచేత, అమ్మువాని ధర్మమును, కొనువాని ధర్మమును పరీక్షించుటకు ఇంతకంటె ననువైన యుదాహరణము దొరకుట యరుదు.

మొదట శబ్దమును విచారింతము. క్రయార్థకమగు ధాతువు క్ర్యాదిగణమున ఞకారానుబంధముతోఁ బఠింపఁబడినది. కావున క్రియాఫలము కర్తకుఁ జెందునపుడు ఆత్మనేపదమును, పరులకుఁ జెందునపుడు పరస్మైపదమును వచ్చును: క్రీణీతే, క్రీణాతి. కాని పరి, వి, అవ యను నుపసర్గములు ముందున్నపుడు పాణిని ఆత్మనేపదమునే విధించెను. ఫలము కర్తకుఁ జెందనిచోటను గూడ ఆత్మనేపదమే కావలయునని యీ విధి యేర్పడినదని కాశికాకారుల వివరణము. ఇందువలన తేలునదేమనఁగా, ‘విక్రీణీతే’ యను రూపమును జూచి అమ్మకపు ఫలము అమ్మినవానికే చేరినదో, పరులకుఁ జేరినదో నిర్ణయింపఁజాలము. ప్రత్యయము ఆ సంగతి చెప్పదు. వృత్తాంతమును జూచియే తెలిసికొనవలయును.

ఇఁక ధర్మశాస్త్రము. భూమి యాఱింటిచేత చేతులు మాఱునని చెప్పు స్మృతివచనమును విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరయందు విచారించెను. స్వగ్రామమువారి యనుమతి, జ్ఞాతుల యనుమతి, సామంతులయొక్క, అనఁగా ఇరుగుపొరుగు క్షేత్రములవారియొక్క యనుమతి, దాయాదుల యనుమతి, హిరణ్యము, ఉదకము అనునవి యా యాఱు. ఇందు గ్రామానుమతి వ్యవహారము బహిరంగమగుటకనియు, సామంతానుమతి సరిహద్దుల వివాదము తొలఁగుటకనియు నాతఁడు ప్రయోజనములు చెప్పెను. హిరణ్యోదకముల విషయమున నాతఁడు చెప్పినది మిక్కిలి గంభీరము. స్థావరమునకు విక్రయము నిషిద్ధము, దానము ప్రశస్తము. కావున విక్రయము తప్పనిచో, బంగారముతోడను నీటితోడను దానరూపముగనే దానిని నడపవలయునట. వెల పుచ్చుకొనుచునే దానము చేయుట యెట్లని కొందఱు నవ్వవచ్చును. ఆ నవ్వునకు సమాధానము మౌంటు వర్నను కథయందుఁ గలదు.

ఆ గృహము వర్జీనియా రాష్ట్రమున పొటోమాకు నదీతీరమున నెత్తైన గట్టుమీఁద నున్నది. దానిని జార్జి తండ్రి యగు ఆగస్టైను వాషింగ్టను 1734 ప్రాంతమున చిన్నదిగాఁ గట్టించెను. పెద్దకొడుకగు లారెన్సు తాను కొలిచిన నౌకాసేనాధిపతి వర్నను పేరు దానికిఁ బెట్టెను. లారెన్సు 1752లో మరణింపఁగా, జార్జి 1754లో నా యింటిని వదినెగారియొద్ద కౌలునకుఁ బుచ్చుకొని, 1761లో నామె మరణానంతరము స్వామి యయ్యెను. 1758లో నొకమాఱును, 1774 మొదలుకొని మఱియొకమాఱును దానిని పెంచెను. ఇల్లు కొయ్యది, కాని పలకల యంచులను రాళ్లవలెఁ జెక్కి, తడిరంగుపై నిసుక చల్లి శిలాభ్రాంతి కల్పించిరి. నదివైపున రెండంతస్తుల యెత్తుగల స్తంభముల వసారా, పైకప్పున నొక చిన్న శిఖరము, దానిపై 1787లో నిలిపిన పావురపు గాలిసూచి. 1790లో లఫాయెత్తు పంపిన బాస్టీలు కారాగారపు తాళపుచెవి నడుమసాలలో వ్రేలాడఁగట్టఁబడెను.

1799 డిసెంబరు 14వ తేది జార్జి మరణించెను. ఆ యేఁట నా క్షేత్రములందు 317 మంది బానిసలు పనిచేయుచుండిరి. వారిలో తన సొంతమైన 123 మందికి విముక్తి కలుగవలయునని యాతఁడు మరణశాసనమున వ్రాసెను. భార్య మొదటి భర్త యాస్తివలన వచ్చినవారిని విడుదల చేయుట కాతనికి శాసనాధికారము లేకపోయెను. ఇల్లు తమ్ముని కొడుకును న్యాయాధిపతియు నగు బుష్రాడు వాషింగ్టనునకు సంక్రమించెను. అతఁడు 1821లో 54 మంది బానిసలను అమ్మి తన కాలమువారిచేతనే నిందింపఁబడెను. అతఁడు 1829లో మరణింపఁగా, క్రమముగా నా యిల్లు జాన్ ఆగస్టైను వాషింగ్టను అను యువకునకుఁ జేరెను. ఆ పేరివారిలో మూఁడవవాఁడగు నితఁడే మన కథయందు అమ్మినవాఁడు. ఇతఁడు 1821లో జన్మించినవాఁడు.

అతని చేతికి వచ్చినది కీర్తియే కాని కలిమి కాదు. నేల సారము చచ్చినది. క్షేత్రములు తరతరముల పంపకములలోఁ జీలిపోయినవి. జార్జి సమాధిని జూడవచ్చు జనము మాత్రము యేఁటేఁటను హెచ్చుచుండెను. పొగయోడలు వారిని గుంపులుగా దింపుచుండెను. వచ్చినవారు ఊరక పోవుదురా? జ్ఞాపకార్థమని చెట్లకొమ్మలు విఱిచికొని పోయిరి. ఇంటి ముక్కలు పెల్లగించికొని పోయిరి. నదివైపు వసారాకప్పు క్రుంగఁగా, దానికి పాఁత యోడల తెరచాపకొయ్యలు ఊఁతముగాఁ బెట్టిరి. ఒక మనిషి తన సొమ్ముతో జాతియంతటికిని సత్రము నడపఁజాలఁడు కదా.

అతఁడు మొదట సంయుక్తరాష్ట్రప్రభుత్వమును, పిదప వర్జీనియా రాష్ట్రమును కొనుఁడని కోరెను. వెల రెండు లక్షల డాలరులు. ఇరువురును కొనరైరి. ఆ స్థలమున విశ్రాంతిభవనమో, వినోదస్థానమో కట్టి లాభము గడింపఁదలఁచిన వర్తకులు కొనఁజూచిరి గాని యాతఁడు వారికి అమ్మఁడయ్యెను. లోకము మాత్రము, వెల మిక్కుటమనియు, పూర్వుని యెముకలు బేరమునకుఁ బెట్టెననియు నాతని నాడిపోసికొనెను. ఇచ్చట విజ్ఞులు గమనింపవలసిన దొకటి కలదు. అమ్మకూడదనిన వారెవ్వరును పైకప్పు బాగుచేయుటకు ఒక డాలరు పంపినట్లు కానరాదు.

1853వ సంవత్సరమున నొక రాత్రి దక్షిణకెరొలైనా రాష్ట్రమునకుఁ జెందిన లూయిసా కన్నింగుహాము అను నామె పొగయోడలో నా నదిపైఁ బోవుచుండెను. మౌంటు వర్ననును దాఁటునపుడు గంట మ్రోగించుట ఆ నావల మర్యాద. గంట విని యామె పైకి వచ్చి, వెన్నెలలో శిథిలమైన యా యింటిని జూచి ఖిన్నురాలై, దేశములోని పురుషులు దీనిని కాపాడనిచో స్త్రీలేల పూనుకొనరాదని కూఁతునకు లేఖ వ్రాసెను. కూఁతురగు ఆన్ పమేలా 1816లో జన్మించినది. చిన్ననాఁడే గుఱ్ఱముమీఁదినుండి పడి వెన్నెముకకు దెబ్బతగిలి చిరరోగిణియైనది. అట్టి యామె 1853 డిసెంబరు 2వ తేది చార్లెస్టను నగరపు పత్రికలో తన పేరు వెల్లడింపక ‘దక్షిణదేశపు గృహిణి’ యను సంకేతముతో విన్నపమొకటి ప్రకటించెను. ఆ కాలమున కులస్త్రీ పేరు పత్రికకెక్కుట మర్యాద గాదు. ఆ విన్నపము ఫలించి సంఘముగా మాఱెను. 1856 మార్చి 17వ తేది వర్జీనియా శాసనసభ దానికి అధికారపత్ర మొసఁగెను.

యజమానుఁడు వెంటనే యొప్పుకొనలేదు. ప్రభుత్వములకు తప్ప నితరులకు అమ్మనని పట్టుపట్టెను. 1856లో నామె స్వయముగా ఆ యింటికి వచ్చి మాటలాడి, పడవ తప్పిపోఁగా నా రాత్రి యచ్చటనే నిలిచి, అతని యభిమానమునకుఁ దగిలిన గాయమును గుర్తెఱిఁగి యనునయించెనని పరంపరగాఁ జెప్పుదురు. 1858లో వర్జీనియా శాసనసభ మరల నిరాకరించెను. అప్పుడాతఁడు, రెండు ప్రభుత్వములును కాదనిన పిదప ఈ దేశపు స్త్రీలకంటె భద్రమైన రక్షకులు లేరను నభిప్రాయము తెలుపుచు సమ్మతించెను.

1858 ఏప్రిలు 6వ తేది క్రయపత్రము వ్రాయఁబడెను. ఇల్లు, దాని చుట్టునున్న కట్టడములు, సమాధి, రేవు, రమారమి 200 ఎకరముల నేల. వెల 2,00,000 డాలరులు. అప్పటికప్పుడు చెల్లించినది 18,000 మాత్రమే. మిగిలినది నాలుగేండ్లలో వాయిదాలుగాఁ జెల్లింపవలయును. సంఘమునకు మూలధనము లేదు. తలకొక డాలరు చందాగా దేశమంతట వసూలు చేసిరి. ఎడ్వర్డు ఎవరెట్టు అను వక్త వాషింగ్టను చరిత్రపై నూరూరఁ దిరిగి యుపన్యసించి, ఒక పత్రికకు వారమువారమును వ్యాసములు వ్రాసి, మొత్తము 69,000 డాలరులకుఁ బైగా సమకూర్చి యిచ్చెను. గడువునకు ముందే, 1859 డిసెంబరులో మూలధనము తీఱిపోయెను. 1860 ఫిబ్రవరి 22వ తేది, వాషింగ్టను జన్మదినమున, సంఘమువారు గృహప్రవేశము చేసిరి.

వారు ప్రవేశించునప్పటికి ఇల్లు ఇంచుమించుగా నుత్త గోడలే. సామగ్రి యెప్పుడో వారసుల నడుమఁ జెదరిపోయినది. అయినను వెళ్లిపోవుచు జాన్ వాషింగ్టను మూఁడు వస్తువులను సంఘమునకు విడిచెను: 1785లో హూడను అను ఫ్రెంచి శిల్పి జార్జిని జూచి మలచిన మృణ్మయప్రతిమ, బాస్టీలు తాళపుచెవి, జార్జి వాడిన భూగోళము. బజారునఁ బెట్టినచో నివి గొప్పవెల పలుకఁగలవు. వెల పుచ్చుకొని యమ్మినవాఁడు, వెలలేని వాటిని ఊరక యిచ్చెను. విజ్ఞానేశ్వరుఁడు చెప్పిన హిరణ్యోదకమన నిట్టిదే యని నాకుఁ దోఁచుచున్నది. విక్రయము దానరూపమగుట వెలను మానుటచేత గాదు. పుచ్చుకొనువాఁ డేమి చేయునని విచారించి, తగినవానికే యిచ్చుటచేత నగును. దానమునకు పాత్రవిచారము ప్రధానమని ధర్మశాస్త్రములన్నియు చెప్పును. విక్రయమునకు పాత్రవిచార మక్కఱలేదని లోకము తలఁచును. ఈ భేదమును తుడిచివేసినదియే యా యనుశాసనము.

ఇఁక కొనినవారు పాత్రులగుట యెట్లు తెలిసినది? వెంటనే పరీక్ష వచ్చెను. 1861లో ఉత్తరదక్షిణరాష్ట్రముల యుద్ధము చెలరేఁగెను. ఇల్లు రెండు సేనల నడుమఁ జిక్కెను. సంఘకార్యదర్శిని యగు సారా ట్రేసి ఉత్తరదేశపుది. పర్యవేక్షకుఁడగు అప్టన్ హెర్బర్టు దక్షిణదేశపువాఁడు. ఇరువురును ఆ యింటిని కాపాడిరి. చూడవచ్చిన సైనికు లేపక్షమువారైనను ఆయుధములను వెలుపల నుంచి లోనికి రావలయునని నియమము పెట్టి నడపిరి. దేశము రెండైనను ఆ యిల్లొక్కటి రెండు కాలేదు. అమ్మినవాఁడు దక్షిణసేనలోఁ జేరి, 1861 సెప్టెంబరు 13వ తేది నలువదియేండ్ల ప్రాయమున యుద్ధమునఁ గూలెను. ఇల్లు అతనిచేతనే యుండియున్నచో నేమగునో యూహింపవచ్చును. ఆ కాలమునందే, 1863లో, బోస్టనునగరమున స్వాతంత్ర్యనాయకులలో నొకఁడగు జాన్ హాంకాకు నివసించిన రాతిమేడను కాపాడువారు లేక పడఁగొట్టిరి.

స్మృతి చెప్పిన యనుమతులను వరుసగా ఈ విక్రయమునకు అన్వయించి చూతము. గ్రామానుమతి బహిరంగతకుఁ గదా. స్త్రీల విన్నపము పత్రికలలోఁ బ్రకటితమై, తలకొక డాలరుతో దేశమంతయు సాక్ష్యము పలికినది. జ్ఞాతుల విషయమున, సంఘ మెన్నఁడైన నశించినచో ఆ స్థలము కొన్న ప్రయోజనముతోడనే వర్జీనియా రాష్ట్రమునకుఁ జెందవలయునను నిబంధన శాసనమునఁ జేర్పఁబడెను; కావున మరల నే వంశపు పంపకములలోనికిని ఆ యిల్లు పోదు. సామంతానుమతి విచిత్రముగా నూఱేండ్లకు నెఱవేఱెను. నదికి ఆవలియొడ్డున కర్మాగారమేదేని లేచినచో జార్జి చూచిన దృశ్యము చెడునని, సంఘసభ్యురాలును శాసనసభ్యురాలును నగు ఫ్రాన్సెస్ బోల్టను 1955లో నా యొడ్డున విశాలమైన భూమిని కొని కాపాడెను. ఇంటికి సరిహద్దు గోడ గాదు, కన్ను పాఱునంత మేర యని యామె గ్రహించినది.

కాని దాయాదుల విషయమున నీ విక్రయము నిర్దోషము గాదు. ఆ పలకలు కోసినవారు, ఇటుకలు కాల్చినవారు, నేల దున్నినవారు బానిసలు. వారి చెమట ఆ యింటిలోఁ గలదు. వారి యనుమతి నడిగినవారు లేరు. జార్జి ముక్తి వ్రాసెను, బుష్రాడు అమ్మెను, జాన్ వాషింగ్టనును బానిసల యజమానుఁడే. జాతియందలి స్వాతంత్ర్యమునకు ఆలయమని పొగడఁబడు నింటిలో నిది కప్పిపుచ్చఁదగినది కాదు. బానిసత్వములో 1844లోఁ బుట్టిన సారా జాన్సను అను నామె, యుద్ధానంతరము సంఘమువారియొద్ద వేతనమునకుఁ బనిచేసి, ఒకప్పుడు ఆ క్షేత్రములో భాగమైన నేలనే కొని స్వామిని యయ్యెను. బానిసల శ్మశానమున సంఘమువారు 1929లో నొక శిల నిలిపిరి. 1983లో మఱియొక స్మారకము వెలసెను. ఆలస్యముగనైనను దాయాదులను గుర్తించుట యందు కలదు. కాపాడువాఁడు ఇంటి యందమునే కాక, ఇంటి దోషమును గూడ కాపాడవలయును. లేనిచో నాతఁడు కాపాడినది బొమ్మ యగును గాని చరిత్ర గాదు.

ఇంత విచారించిన పిమ్మట నా తీర్పు ఇది. జాన్ వాషింగ్టను ఇంటిని అమ్మినందులకు నింద్యుఁడు కాఁడు. ఉంచుకొనఁజాలని దానిని ఉంచుకొని శిథిలము చేయుట పితృభక్తి గాదు. ఫలము కొంత ఆతనికిఁ జెందెను. మిగిలిన ఫలము నేఁటికిని పరులకుఁ జెందుచున్నది. ప్రభుత్వధనము నాశింపక ఆ స్త్రీసంఘమే నేఁటికిని ఆ యింటిని నడపుచున్నది. ఆన్ పమేలా 1874లో పదవి విడిచి, 1875లో మరణించెను. విడుచునపుడు ఆ యింటిని మార్పులపాలు చేయవలదని యామె తన తోడివారిని వేఁడుకొనెను.

ఈ విషయమున నేను తీర్పు చెప్పుటకు అధికారము గలవాఁడనో కానో చదువరులే నిర్ణయింతురు గాక. మా తాతగారి మండువాయిల్లు పంపకములలో అమ్మకమునకు వచ్చినపుడు పత్రముపై చేవ్రాలు చేసినవారిలో నేనొకఁడను. వెల యెంతయని మేమందఱము వారము దినములు వాదించితిమి. కొనువాఁడు దానిని ఏమి చేయునని యొక్కఁడును అడుగలేదు. ఆతఁడు దూలములు వేఱుగను, ద్వారబంధములు వేఱుగను అమ్ముకొనెను. అందులో నాతనితప్పేమియు లేదు. వాని సొమ్ము వాఁడు అమ్ముకొనెను. అటుకమీఁది తాటాకుల కట్టలు రెండు నాకు దక్కినవి. ఎన్ని దక్కలేదో యెఱుఁగను. మితాక్షరలోని యా పంక్తిని నేను శిష్యులకు పలుమాఱులు పాఠము చెప్పియుంటిని. నాకు మాత్రము అది అప్పుడు జ్ఞాపకమునకు రాలేదు.

మన దేశమునను కొన్ని యిండ్లు నిలిచినవి. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి గృహమును, విజయనగరమున గురజాడ అప్పారావుగారి గృహమును స్మారకములుగా నేఁడును చూడవచ్చును. కాని పండితుల యిండ్లు, గ్రంథములు దాఁచిన యిండ్లు, పాఠములు జరిగిన యఱుగులు ప్రతిగ్రామమునఁ గలవు. అవి నెలనెలయు చేతులు మాఱుచున్నవి. వానినన్నిటిని అమ్మకుండఁ జేయుట యెవరివలననుఁ గాదు. నేనట్లు కోరుటయు లేదు. అమ్ముటకు ముందు వెల నడిగినట్లే, కొనువాఁ డింటిని ఏమి చేయునని యడుగుఁడు. అటుకలను వెదకించుఁడు. ఇంటి చరిత్రమును రెండుపుటలైనను వ్రాసి పత్రముతోఁ గూడ నిండు. ఈ పత్రికను చదువు పాఠశాలాపండితులు తమ తమ గ్రామములలో నిట్టి పత్రములకు సాక్షులుగాఁ బిలువఁబడుచునే యుందురు. చేవ్రాలు చేయుటకు ముందు ఈ ప్రశ్న నడుగుటకు వారికంటె అర్హులు లేరు.